తొమ్మిదో మలుపు దాటాక

ఆ ఏడు పళ్ళ కోతలు మొదలవడానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు మా మామగారు కాలు విరగ్గొట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళు కొండరోడ్ల మీద లారీ నడిపి, బండికి ఒక్క గీతైనా పడనివ్వని మనిషి. అంతటి మనిషి ఇంటి ముందు ఆగి ఉన్న లారీ ఎక్కి, టార్పాలిన్ మడతపెడుతూ జారి కిందపడ్డారు. "నడుస్తున్న బండి మీంచి పడ్డా ఇంత సిగ్గుగా ఉండేది కాదయ్యా" అని ఆసుపత్రిలో కూడా అదే బాధ. మోకాలి పైదాకా పిండికట్టు వేసి ఆరు వారాలు కదలకూడదన్నాడు డాక్టరు. కోతలు ఉండేది కూడా ఆరు వారాలే.

"లారీ నేను తీస్తాను" అంది మా ఆవిడ.

ఇంట్లో అందరం ఒక్కసారిగా పనులు ఆపేశాం. నేను కుట్టుమిషను ఆపాను. అత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీయడం ఆపారు. మామగారు మూలగడం ఆపారు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చిన అల్లుణ్ణి, దర్జీని. ముందుగదిలో కిటికీ కింద నా మిషను, దాని పక్క గోడకి ఒక అర, ఆ అర మీద రేడియో సెట్టు. పాటల రేడియో కాదు, మాట్లాడుకునే రేడియో. లారీలో ఒకటి, ఇంట్లో ఒకటి. మైకు మీద మీట నొక్కితే మనం మాట్లాడతాం, వదిలితే అవతలివాళ్ళు మాట్లాడతారు. కొండల్లో ఫోన్లు పలకవు కనక లారీలవాళ్ళందరికీ ఇదే గతి. అందరికీ గాలిలో పేర్లుంటాయి. మామగారు పెద్దగేరు, మా ఆవిడ చిన్నగేరు. అత్తగారికి కంట్రోల్ రూమ్ అని పేరు పెట్టారు, అది ఎవరు పెట్టారో ఆవిడకి చెప్పే ధైర్యం ఇంతవరకు ఎవరికీ రాలేదు. నన్ను కత్తెర అనేవారు.

మా ఆవిడకి లైసెన్సు ఉంది. పదేళ్ళ వయసు నుంచి తండ్రి పక్క సీట్లో కూర్చుని గేర్లు వేసిన పిల్ల. కానీ అప్పటిదాకా ఊళ్ళో తిప్పడమే తప్ప కొండెక్కింది లేదు. మామగారు పైకప్పు కేసి చాలాసేపు చూశారు. చివరికి అన్నారు:

"సరే, వెళ్ళు. కానీ ఒక్క షరతు. నీ గొంతు నాకు ఎక్కడిదాకా వినిపిస్తే అక్కడిదాకే. వినిపించడం ఆగిన చోట బండి తిప్పేసి వచ్చెయ్యాలి."

"అలాగే నాన్నా" అంది ఆవిడ. ఆ మాట అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నానా అని మర్నాటి నుంచీ తల పట్టుకుంది.

మా ఊరి నుంచి కొండపైకి పదహారు మలుపులు. ఏడో మలుపు లోపల చిన్నాచితకా తోటలు ఉన్నాయి. అసలు పెద్ద తోటలన్నీ పైకెక్కి అవతలి లోయలోకి దిగితేనే. అవతలి తోట ఆసామి ఏటా మామగారి లారీ కోసమే చూసేవాడు. నాలుగో వారంలో అక్కడ కోత జోరందుకుంటుంది. "అప్పటికి అమ్మాయి రాగలిగితే సరే, లేకపోతే నేను వేరే బండి చూసుకుంటాను" అని ఆయన కబురు చేశాడు. మామగారు ఒక ఆకు ఎక్కువే చదివారు. "నాలుగో వారానికి ఎవరైనా డ్రైవర్ని పెడదాం లెండి" అని తిరుగు కబురు పంపారు. డ్రైవరంటూ ఒకడు ఆ సీట్లో కూర్చుంటే మళ్ళీ లేవడని మా ఆవిడకి తెలుసు.

మొదటి రోజు నాకు బాగా గుర్తు. మామగారు రేడియో పక్కకి మంచం వేయించుకుని, మైకు పట్టుకుని కూర్చున్నారు.

"చిన్నగేరు, చిన్నగేరు, పెద్దగేరు పిలుస్తోంది. ఎక్కడున్నావు?"

"ఎనిమిదో మలుపు నాన్నా. బండి బంగారంలా పోతోంది."

"ఇంజను వేడి ముల్లు చూసుకుంటున్నావా?"

"చూస్తున్నా. తొమ్మిదికొచ్చా. ఇక్కడ... రో... నా..."

ఆ తర్వాత పెనంలో నీళ్ళు చిలకరించినట్టు ఒకటే చరచర. మామగారు మీట నొక్కి, "తిప్పెయ్" అన్నారు.

ఇక్కడో తమాషా ఉంది. మాకు ఆమె గొంతు అందని చోట కూడా ఆమెకి మా గొంతు అంతో ఇంతో అందేది. ఊళ్ళో ఉన్న మోటార్లూ, ఫ్యాన్లూ, వెల్డింగులూ, నా కుట్టుమిషనుతో సహా, అన్నీ కలిసి మా సెట్టులో గోల పెడతాయి. ఆ గోలలో సన్నటి గొంతు మునిగిపోతుంది. అటు కొండలో అంతా నిశ్శబ్దం, చీమ తుమ్మినా వినిపిస్తుంది. అందుకే "తిప్పెయ్" అన్న మాట మాత్రం ఆమెకి శుభ్రంగా చేరింది. వినపడలేదని బుకాయించే పిల్ల కాదు, తిప్పేసింది.

సాయంత్రం వచ్చి లారీ తలుపు వేసిన చప్పుడుకి మా అరలోని దారపు ఉండలు దొర్లి కింద పడ్డాయి.

"మీరు బట్టలు బిగువైతే కుట్లు విప్పి వదులు చేస్తారు కదా" అంది నాతో, చేతులు కడుక్కుంటూ.

"చేస్తాను."

"ఈ రేడియోని కూడా కాస్త వదులు చెయ్యండి. నాకు తొమ్మిదో మలుపు చంకల్లో పట్టేస్తోంది."

భార్య అంత ముద్దుగా అడిగితే ఏ దర్జీ కాదంటాడు? రేడియో గురించి నాకు ఓనమాలు కూడా రావు. అయినా సరేనన్నాను.

మొదటి వారం ఎత్తు పెంచాను. డాబా మీద యాంటెన్నా ఒక ఇనప గొట్టానికి కట్టి ఉండేది. దాని కింద ఇంకో గొట్టం అతికించి, గాలికి ఊగకుండా మూడు వైపులా తాళ్ళు కట్టాను. ఆ తాళ్ళు అత్తగారు బట్టలారేసుకునేవి. వారం రోజులు మా ఇంటి తడి బట్టలన్నీ కుర్చీల మీదే ఆరాయి. ఇంతా చేస్తే పెరిగిన దూరం అర మలుపు. "తొమ్మిది దాటి ఒక ఎర్ర బండరాయి ఉంది. అక్కడిదాకా వచ్చా. చాలా సంతోషం" అంది మా ఆవిడ. ఆ 'చాలా సంతోషం' ఎలా అందంటే, నేను రెండు రోజులు ఆవిడ కంటబడకుండా మిషను వెనకే ఉన్నాను.

రెండో వారం కడ్డీలు బిగించాను. యాంటెన్నా మొదలు దగ్గర నాలుగు వైపులకీ నాలుగు కడ్డీలు చాపితే మాట నేల మీదకి పోకుండా దూరానికి పోతుందని ఎవరో చెప్పారు. ఒకావిడ పరదాలు కుట్టమని ఇచ్చి తీసుకెళ్ళకుండా వదిలేసిన పరదా కడ్డీలు నా దగ్గర ఉంటే అవి బిగించాను. ఎర్ర బండరాయి ఎర్ర బండరాయే. ఒక్క అడుగు కదల్లేదు. మైకు దగ్గర అరిస్తే పని జరుగుతుందేమోనని అత్తగారు ఒకసారి గుండెలు పగిలేలా అరిచారు. పక్కింటివాళ్ళు మంచినీళ్ళ చెంబుతో పరిగెత్తుకొచ్చారు.

నేను ఏం చేసినా మామగారు మంచం మీంచి ఒకటే మాట.

"చూడవయ్యా మీటరు!"

సెట్టుకీ కేబుల్‌కీ మధ్య ఒక చిన్న మీటరు ఉంది. మనం పైకి పంపిన దాంట్లో ఎంత పోకుండా వెనక్కి తిరిగొస్తోందో అది చూపిస్తుంది. వెనక్కొచ్చేది ఎక్కువైతే ముల్లు పైకి లేచి ఎర్రగీత దాటుతుంది. ఏమీ రాకపోతే కింద పడుకుని ఉంటుంది. మా ముల్లు ఎప్పుడు చూసినా నిద్రపోతున్న పిల్లిలా అట్టడుగునే ఉండేది.

"కదిలిందా? కదల్లేదు. అంటే మనం పంపింది పంపినట్టు పోతోంది. మన వైపు ఏ లోపమూ లేదు. లోపమంతా ఆ కొండది" అనేవారు.

కొండని నేనేం చెయ్యగలను? బజార్లో రేడియోలు బాగుచేసే ఆయన దగ్గరకి వెళ్ళాను. ఆయన గొంతు కూడా పాడైన రేడియోలా ఉంటుంది కనక ఊరంతా గరగర అనే పిలుస్తారు. నా కథంతా విని ముక్కు మీద కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ముల్లు ఎప్పుడూ కదలదా?"

"కదలదండీ."

"గొట్టం పెంచినప్పుడు?"

"కదల్లేదు."

"కడ్డీలు పెట్టినప్పుడు కూడానా?"

"పెట్టినప్పుడూ కదల్లేదు, పరదాల ఆవిడ వచ్చి గొడవ చేస్తే తీసినప్పుడూ కదల్లేదు."

"అదెలా కుదురుతుందయ్యా? కాస్తో కూస్తో కదలాలే! కేబుల్ చూశావా?"

ఇంటికొచ్చి కేబుల్ ఊసెత్తగానే మామగారు మంచం మీద లేచి కూర్చున్నారు, కాలికి కట్టు ఉందన్న సంగతి కూడా మర్చిపోయి.

"కేబుల్ జోలికి మాత్రం వెళ్ళకు. నా మొదటి లారీతో పాటు కొన్న కేబుల్ అది. నీ పెళ్ళాం కంటే వయసులో పెద్దది!"

నోరు మూసుకుని కుట్టుకోవడానికి కూర్చున్నాను. ఇల్లరికంలో నోరు మూసుకునే కళ త్వరగా వస్తుంది.

మూడో వారం చివర ఒక మధ్యాహ్నం, యాంటెన్నా మొదట్లో మర తుప్పు పట్టిందని గీకి శుభ్రం చేద్దామని డాబా ఎక్కాను. ఎంత గీకినా పైన వీలుగా లేదు. విప్పి కిందికి తెచ్చుకుందామని మర తిప్పి ఊడదీశాను. నాకంటే రెండింతల పొడుగుంది ఆ కడ్డీ. మెట్ల మలుపులో గోడకి కొట్టుకుంటూ, పూలకుండీ ఒకటి దొర్లించి, ఎలాగో ముందుగది గుమ్మం దాకా తెచ్చాను. అక్కడ అడ్డం తిరిగి లోపలికి రానంది.

లోపల మామగారు నన్ను చూసుకోకుండా మైకు పట్టుకుని సెట్టు పరీక్షిస్తున్నారు. "హలో, హలో, పెద్దగేరు, ఒకటి, రెండు, మూడు..." అని, మీటరు కేసి చూసి, పక్కనే ఉన్న అత్తగారితో, "చూశావుటే? ముల్లు ఇసుమంతైనా లేవలేదు. ఇంతకంటే శుభ్రంగా ఎవరి సెట్టూ ఉండదు ఈ ఊళ్ళో!" అన్నారు.

అత్తగారు ముల్లు చూశారు. తర్వాత గుమ్మంలో నన్ను చూశారు. నా చేతిలో ఉన్న యాంటెన్నాని కింది నుంచి పైదాకా చూశారు.

"ఏవండీ, యాంటెన్నా అల్లుడి చేతిలో ఉంటే, మీరు ఇప్పుడు మాట్లాడిన మాటలు ఎక్కడికి పోతున్నట్టు?"

మామగారు తల తిప్పారు. నా చేతిలో కడ్డీ చూసి, మైకు నెమ్మదిగా మంచం మీద పెట్టేశారు.

రేడియో ఓనమాలు రాని నాకు కూడా ఆ క్షణంలో అర్థమైంది. పైన యాంటెన్నాయే లేకపోతే పంపిందంతా పోయే దారి లేక వెనక్కి రావాలి. ముల్లు ఎగిరి ఎర్రగీత మీద పడాలి. అది లేవలేదంటే పంపింది పైదాకా చేరడమే లేదు, వెనక్కి రావడానికి కూడా మిగలడం లేదు. దారిలోనే కేబుల్ మొత్తం మింగేస్తోంది. మూడు వారాలుగా మేం గర్వంగా చూసుకుంటున్న ముల్లు మా రోగం దాచిపెట్టింది.

అత్తగారు చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని, "నాకు లోపల పనుంది" అని వెళ్ళిపోయారు. ఆ సమయంలో ఆవిడకి లోపల ఏ పనీ లేదు.

"కేబుల్‌లోకి నీళ్ళు దిగాయనుకుంటానండీ" అన్నాను నేను, ఏదో ఒకటి అనాలి కనక.

"నాకు తెలుసయ్యా" అన్నారు మామగారు.

నేను యాంటెన్నాని గోడకి ఆనించి నిలబడ్డాను.

"పోయిన వానల్లోనే అనుమానం వచ్చింది. పూటలో మార్చుకోవచ్చు. ఈ కాలు విరగ్గానే అది లారీ తీస్తానంది చూడు, అప్పుడు ఊరుకున్నాను." ఆయన కట్టు మీద వేళ్ళతో తట్టుకుంటూ చెప్పారు. "తొమ్మిదో మలుపు దాకా ఆ రోడ్డు మంచిది. పైన పదమూడులో గోడ లేదు. నేనే రెండుసార్లు హడలిపోయాను అక్కడ, మీ అత్తగారికి కూడా చెప్పలేదు. మా పిల్ల గొంతు అక్కడి నుంచి రాకూడదనుకున్నాను. గొంతు రాకపోతే మనిషి వెళ్ళదు కదా."

నాకు కోపం వచ్చింది. రాదా మరి? మూడు వారాలు డాబా మెట్లు ఎక్కి దిగి మోకాళ్ళు అరగదీసుకున్నాను, పరదాల ఆవిడతో నానా మాటలూ పడ్డాను. కానీ ఆయన ముఖం చూస్తే ఆ కోపం నిలవలేదు. నిజం చెప్పాలంటే గోడ లేని మలుపంటే నాకూ భయమే. రోజూ ఆవిడ లారీ ఎక్కుతుంటే నేను కూడా సూదిలో దారం ఎక్కించలేక నాలుగైదుసార్లు తడబడేవాణ్ణి. ఆయన భయం దాచుకోవడానికి కేబుల్ ఉంది, నాకు అది కూడా లేదు.

"మామయ్యగారూ, ఎర్ర బండరాయి దగ్గర బండి తిప్పి వచ్చిన రోజు ఆవిడ ఇంట్లో ఎలా ఉంటుందో మీరు చూస్తున్నారు కదా" అన్నాను.

"చూస్తున్నాను."

"వచ్చే వారం ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు."

ఆయన మంచం వెనక ఉన్న కేబుల్ చుట్ట కేసి చూశారు. కాసేపటికి చెయ్యి చాపారు.

"నీ కత్తెర ఇలా ఇవ్వు."

"అమ్మో! బట్టలు కత్తిరించే కత్తెర కేబుల్ మీద పెట్టనివ్వను. ప్రాణం అడగండి, ఇస్తాను. కత్తెర మాత్రం అడక్కండి."

మామగారు నవ్వారు. కాలు విరిగిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదటిసారి. లారీ పెట్టెలోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి ఇచ్చాను. మంచం వెనక చుట్టచుట్టి ఉన్న కేబుల్‌ని చేతిలోకి తీసుకుని ఆయనే పుటుక్కున కత్తిరించారు. తెగిన కొస నుంచి పచ్చటి నీళ్ళు బొట్లు బొట్లుగా మంచం పక్కన కారాయి. లోపలి రాగితీగ నల్లగా బొగ్గులా ఉంది.

"ఛీ ఛీ" అన్నారాయన. "కొత్తది ఎంత కావాలో కొలువు. ఇంత చుట్ట మిగలకూడదు, సరిగ్గా సరిపోవాలి. టేపు నీ మెళ్ళోనే ఉందిగా!"

సాయంత్రానికి కొత్త కేబుల్ వచ్చింది. కేబుల్ పాడైందని మాత్రమే మా ఆవిడకి చెప్పాం. మిగతాది ఆ గదిలోనే ఉండిపోయింది.

మర్నాడు అసలు వినోదం. కొత్త కేబుల్ తగిలించి మీట నొక్కగానే మా నిద్రపిల్లి ముల్లు ఒక్క గెంతున ఎర్రగీత దాటేసింది.

"అయ్యయ్యో, కొత్తది తెచ్చి పాడుచేశారా?" అన్నారు అత్తగారు.

"కాదే పిచ్చిదానా, ఇప్పుడది నిజం చెప్తోంది!" అన్నారు మామగారు. ఆయన కళ్ళు వెలిగిపోతున్నాయి. "యాంటెన్నా పొడవు సరిపడలేదు. కొస దగ్గర జరిపే ముక్క ఉంటుంది. అల్లుడూ, డాబా ఎక్కు!"

నేను పైన, ఆయన కింద మంచం మీద, మధ్యలో మెట్ల మీద అత్తగారు. గొట్టాన్ని వాల్చడం, కొస జరపడం, మళ్ళీ నిలబెట్టడం, దూరంగా వెళ్ళి నిలబడడం. దగ్గర మనిషి నిలబడితే ముల్లు తప్పు చూపిస్తుందట.

"అర వేలు లోపలికి తొయ్యమను!"

"అర వేలు లోపలికట!"

"ఎవరి వేలు? ఆయనదా, నాదా?"

"ఎవరి వేలని అడుగుతున్నాడు!"

"వాడిదే! నా వేలు అక్కడికెలా వస్తుంది?"

"నీదేనట! త్వరగా కానీ బాబూ, నా కాళ్ళు పీకుతున్నాయి!"

మూడుసార్లు లోపలికి, ఒకసారి బయటికి, మళ్ళీ పావు వేలు లోపలికి. పన్నెండోసారి కాబోలు, కింద నుంచి ఒక కేక వినిపించింది. అది మెట్ల మీదుగా రావలసిన అవసరం లేకుండా నేరుగా డాబా మీదికే వచ్చింది. ముల్లు కిందికి దిగి, ఒక్క గీత మీద సన్నగా వణుకుతూ ఆగిందట. "ఇదీ బతికున్న ముల్లంటే!" అని మామగారు అరిచారు.

అదే సమయానికి మా ఆవిడ తొమ్మిదో మలుపు దగ్గర ఉంది.

"నాన్నా! ఏం చేశారు? పక్క సీట్లో కూర్చుని చెవిలో అరుస్తున్నట్టున్నావు!"

ఆ రోజు ఎర్ర బండరాయి దాటి పన్నెండో మలుపు దాకా వెళ్ళి వచ్చింది. వచ్చి నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. స్టీరింగ్ తిప్పే చెయ్యి కదా, సాయంత్రం దాకా మండింది. నాకు మాత్రం అంత బాగా ఎప్పుడూ అనిపించలేదు.

నాలుగో వారం రెండో రోజు అవతలి తోటకి ప్రయాణం. పొద్దున్నే బయల్దేరింది. ఇంట్లో మేం ముగ్గురం సెట్టు ముందు కూర్చున్నాం. సెట్టులో గోల తగ్గాలని మిషను ప్లగ్గు పీకేశాను. ఆ రోజు ఇవ్వాల్సిన రెండు చొక్కాలు ఉన్నాయి, ఇవ్వలేదు.

"పన్నెండు దాటా నాన్నా."

"పదమూడులో గోడ ఉండదు. రెండో గేరులో పెట్టు. కొండవైపు ఆనుకుని పో. ఎదురుగా ఎవరైనా వస్తే ఆగిపో, సిగ్గుపడకు. వాళ్ళే చూసుకుంటారు."

"సరే."

ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ లేదు. మామగారి వేళ్ళు మైకు చుట్టూ బిగిసి తెల్లబడిపోయాయి. అత్తగారు నా చొక్కా చెయ్యి పట్టుకున్నారని అప్పుడు నాకు తెలియలేదు, తర్వాత ముడతలు చూసుకున్నాను.

"పద్నాలుగు" అంది రేడియో.

పదిహేను. పదహారు. తర్వాత గొంతు ఎంత శుభ్రంగా వచ్చిందంటే, వెనక గాలి చప్పుడు కూడా వినిపించింది.

"పైకొచ్చేశా! నాన్నా, అవతల లోయంతా కనిపిస్తోంది. ఎన్ని తోటలో! అమ్మా, నువ్వు చూడాలి. ఏవండోయ్ కత్తెరగారూ, వింటున్నారా? దిగుతున్నా ఇంక."

"జాగ్రత్తమ్మా" అన్నారు మామగారు.

దిగడం మొదలుపెట్టాక ఒక్క ముక్కా రాలేదు. మధ్యలో కొండ అడ్డం పడిందనుకున్నాం. చరచరలు తప్ప ఇంకేం లేదు.

షరతు అందరికీ తెలిసిందే. వినిపించడం ఆగితే తిప్పెయ్యాలి. మామగారు మైకు నోటి దగ్గర పెట్టుకున్నారు. ఆ ఒక్క మాట అంటే చాలు, అవతల పిల్ల విని తిప్పేస్తుంది. ఎంత దూరం పెంచినా ఇంతేనా అనుకున్నాను.

"వినిపిస్తోందమ్మా" అన్నారాయన. "బాగా వినిపిస్తున్నావు. దిగు. రెండో గేరులోనే దిగు."

అత్తగారు ఆయన కేసి చూశారు. ఆయన గోడ కేసి చూశారు. సెట్టులో చరచర తప్ప ఈగ వాలిన చప్పుడు కూడా లేదు.

కాసేపయ్యాక మళ్ళీ, "ఆఁ, వినిపిస్తోంది. పో, పో" అన్నారు. ఒకసారి మీట వదిలి నా వైపు వంగి, చిన్నగా అడిగారు: "ఆ గోలలో ఏదో మాటలా లేదూ?"

"ఉన్నట్టే ఉందండీ మామయ్యగారూ" అన్నాను. ఏం చెయ్యను, ఆ మనిషి నుదురంతా చెమట.

"అదే. నేనూ అదే అనుకుంటున్నా" అని మళ్ళీ మైకు ఎత్తారు.

భోజనాల వేళ ఎవరం తినలేదు. మధ్యాహ్నం మూడు దాటాక సెట్టు ఒక్కసారిగా పలికింది. "పెద్దగేరూ, చిన్నగేరు. లోడు నిండా పళ్ళు. మళ్ళీ పైకెక్కేశా. ఇంటికొస్తున్నా." అత్తగారు ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. మామగారు మైకు కొక్కేనికి తగిలించి, నన్ను చూసి, "నీకు పనేం లేదా? ఆ చొక్కాలెవరు కుడతారు?" అని కసిరారు.

పొద్దు వాలుతుండగా లారీ వచ్చింది. ఇంటి ముందంతా పళ్ళ వాసన. నేను వెళ్ళి టార్పాలిన్ తాళ్ళు విప్పుతుంటే మా ఆవిడ దగ్గరకొచ్చి, ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఏవండీ, ఒక మాట. అవతలికి దిగేటప్పుడు మలుపులు చాలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. రెండు చేతులూ స్టీరింగ్ మీదే. తోట చేరేదాకా నేను మైకు ముట్టుకోనే లేదు."

"ముట్టుకోలేదా?"

"ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. నాన్నేమో, 'వినిపిస్తోందమ్మా, బాగా వినిపిస్తున్నావు, పో' అని ఒకటే పోరు. నేను నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ దిగాను. ఆ తుడుచుకోవడమే కష్టమైంది, చెయ్యి ఖాళీ లేక."

తను నవ్వింది. నాకు నవ్వూ వచ్చింది, ఇంకోటీ వచ్చింది. తాడు ముడి విప్పుతున్నట్టు తల వంచుకున్నాను.

తను ఒక బుట్ట భుజానికెత్తుకుని లోపలికి నడిచింది. నేను ఇంకొకటి పట్టుకుని వెనకే వెళ్ళాను. మామగారు మంచం మీద నిటారుగా కూర్చుని, ఏమీ జరగనట్టు గోళ్ళు చూసుకుంటున్నారు.

"నాన్నా, కొండ అవతలి నుంచి వినిపించానా?"

"వినిపించకపోవడమేంటి! గంట కొట్టినట్టు వినిపించావు. ఒక్కో మాటా!"

"అవునా? ఏమన్నానేంటి?"

మామగారు గోళ్ళ మీంచి తలెత్తారు. నా కేసి చూశారు, అత్తగారి కేసి చూశారు. మేమిద్దరం బుట్టలోని పళ్ళు చూస్తున్నాం.

"ఏమంటావు... రోడ్డు బాగానే ఉంది, భయపడొద్దు అన్నావు."

మా ఆవిడ బుట్ట కిందికి దించి ఆయన పక్కన కూర్చుంది.

"అవును నాన్నా, అదే అన్నాను" అంది.